మండువా ఇల్లు కట్టండి, పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర పల్లె. విశాఖలో ప్రైవేటు ఉద్యోగం, ఇంకో ఆరేళ్లలో రిటైర్మెంట్. తాతగారి స్థలంలో పాతకాలం పద్ధతిలో, నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి చుట్టూ గదులుండే మండువా ఇల్లు కట్టాలని నాదీ మా తమ్ముడిదీ కోరిక. మేస్త్రి 45 లక్షలు అంటున్నాడు. ఎఫ్‌డీలో 16 లక్షలు, పీఎఫ్‌లో 14 లక్షలు ఉన్నాయి. మిగతాది లోన్ తీసుకోవచ్చా? పాప రెండేళ్లలో ఇంజినీరింగ్‌లో చేరుతుంది.

జవాబు: డబ్బు సంగతి తర్వాత, ముందు పట్టా తీయండి. అది ఇంకా తాతగారి పేరునే ఉంటే బ్యాంకు మేనేజరు ఫైలు తెరవడు. వారసుల పేర్లు ఎక్కించుకుని, మీ వాటా ఏదో తమ్ముడి వాటా ఏదో కాగితం మీద తేల్చుకోండి. భూమి రకం ‘ఘరబారి’ అని, అంటే ఇంటి స్థలమని ఉంటే సరే. ‘శారద’ అని, అంటే వరి పొలమని ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. ఆ మార్పు పూర్తయ్యేదాకా పునాది తవ్వొద్దు.

ఇక ఖర్చు. మండువాలో డబ్బు తినేది గోడలు కాదు, కర్ర. స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ కొత్త టేకే కావాలంటే అంచనా ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పాత ఇళ్లు విప్పే చోట స్తంభాలు, ద్వారబంధాలు దొరికితే రసీదుతో కొనండి. పైగా నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి కలిసే నాలుగు మూలలూ కారే చోట్లే. అక్కడి పనికి మంచి వడ్రంగి కావాలి, కూలి తగ్గించొద్దు.

నా మాట: పునాది నాలుగు వైపులా వేసి, ఇప్పటికి రెండు వైపులే కట్టండి. వీధి అరుగులు, వసారా, రెండు గదులు, వంటిల్లు వస్తాయి. ఇది 22 లక్షల్లో తేలేలా మేస్త్రితో మళ్లీ లెక్క వేయించండి. ఇద్దరూ చెరో ఆరు లక్షలు పెట్టి, పది లక్షలు లోన్ తీసుకోండి. 8.5 శాతం వడ్డీ, 15 ఏళ్లకైతే ఈఎంఐ సుమారు 9,850. మీరు రిటైరయ్యాక కూడా అది నడుస్తుంది కాబట్టి తమ్ముణ్ణి సహ రుణగ్రహీతగా చేర్చండి. మీ ఎఫ్‌డీలో మిగిలే పది లక్షలు పాప చదువుకి. పీఎఫ్ మీ ముసలితనానిది. పల్లెలో ఇల్లు అవసరానికి అమ్ముడుపోదు, అమ్మడానికి మీకూ మనసొప్పదు.

పన్ను మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏమీ రాదు.

2018లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు పూర్తవగానే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి. తుపాను, వరద, భూకంపం అందులోనే వస్తాయి. ప్రపోజల్‌లో కప్పు పెంకులదని రాయించండి. స్లాబు అని పడితే క్లెయిమ్ దగ్గర పేచీ.