విడాకుల కేసు ఖర్చులకు పసుపు కుంకుమ పొలం అమ్ముకోవాలా?

ప్రశ్న: మావారు ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు వేశారు. మేము కౌంటరు దాఖలు చేశాం, విచారణ ఇంకా మొదలుకాలేదు. లాయరు ఫీజుల కోసం, పెళ్లిలో పుట్టింటివారు పసుపు కుంకుమ కింద నా పేర రాసిచ్చిన ఎకరం పొలం అమ్మేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. మరోవైపు, మా ఇద్దరి పేర ఉన్న ఫ్లాటు అమ్మి ఎవరి ఖర్చులు వాళ్లు చూసుకుందామని, అందుకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నా తరఫున లావాదేవీ చేసే అధికారపత్రం) రాసివ్వమని మావారు కబురు పంపారు. నాకు ఉద్యోగం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ పొలం రిజిస్టరైన దానపత్రం ద్వారా మీకు వచ్చి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 1956లోని సెక్షన్ 14 ప్రకారం దానికి మీరే సంపూర్ణ యజమాని. అమ్ముకోవడానికి భర్త అనుమతి గానీ కోర్టు అనుమతి గానీ అక్కరలేదు. కేవలం నోటిమాటగా ఇచ్చినదైతే మాత్రం హక్కు నిరూపణే కష్టమవుతుంది కనుక ముందుగా ఆ కాగితం చూసుకోండి. అయితే అమ్మే హక్కు ఉన్నా, ఇప్పుడే అమ్మవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

తగినంత స్వంత ఆదాయం లేని భార్య గానీ భర్త గానీ, కేసు నడుస్తుండగానే నెలవారీ భరణంతోపాటు కేసు ఖర్చులు కూడా ఎదుటివారి నుంచి ఇప్పించమని హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద పిటిషన్ వేయవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లోగా, సాధ్యమైనంతవరకు, దాన్ని తేల్చాలని ఆ సెక్షనే చెబుతోంది. ఆచరణలో వాయిదాలు పడుతుంటాయి కనుక ఈ పిటిషన్ వేయడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. అందులో ఆ ఎకరం మీద వచ్చే కౌలును దాచవద్దు, దాచినట్టు తేలితే మీ మాట మీద నమ్మకం పోతుంది. పొలం అమ్మితే చేతికి వచ్చే సొమ్మును చూపించి, మీకు స్తోమత ఉందని ఆయన లాయరు వాదించే ప్రమాదం కూడా ఉంది. ఈలోగా లాయరు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

ఇక ఫ్లాటు సంగతి. జీపీఏ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఆ కాగితం చేతికి వచ్చాక, సబ్ రిజిస్ట్రారు ముందు మీ బదులు ఆయనే నిలబడి, మీ వాటాకు కూడా సంతకం పెట్టి, మొత్తం సొమ్ము తన ఖాతాలో వేసుకునే వీలుంటుంది. అమ్మకం పూర్తయ్యాక జీపీఏ రద్దు చేసుకున్నా పోయిన ఫ్లాటు తిరిగిరాదు. నిజంగా అమ్మదలిస్తే, బ్యాంకు అప్పు ఉంటే అది తీర్చాక, మీ వాటా సొమ్ముకు మీ పేర విడిగా డీడీ తీసుకుని, రిజిస్ట్రేషన్‌కు మీరే స్వయంగా వెళ్లి సంతకం చేయండి.

కేసు నడుస్తుండగా ఆస్తి ఎలా అమ్ముతారని చాలామంది ధీమాగా ఉంటారు, అది పొరపాటు. కేసు నడుస్తుండగా జరిగే అమ్మకాన్ని ఆ కేసు తీర్పుకు లోబరిచే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52, ఆ ఆస్తిపై హక్కే నేరుగా వివాదంలో ఉన్నప్పుడు వర్తిస్తుంది. విడాకుల పిటిషన్ ఒక్కటే ఉంటే ఫ్లాటుకు ఆ రక్షణ దానంతటదే రాదు. ఆయన తన వాటాను వేరొకరికి అమ్మే అవకాశమూ ఉంది. మీపై గృహహింస జరిగి ఉంటే, 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 18 కింద, ఉమ్మడి ఆస్తులను, మీ స్త్రీధనాన్ని కోర్టు అనుమతి లేకుండా అమ్మరాదన్న ఉత్తర్వు కోరండి. సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు కూడా పొందవచ్చు. గృహహింస లేనిపక్షంలో, ఫ్లాటులో మీ వాటా కోసం ఫ్యామిలీ కోర్టులోనే దావా వేసి, అందులో ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) అడగవచ్చు. ఏది వేసినా, ముందు ఆ ఫ్లాటు ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, ఈమధ్య ఏదైనా అగ్రిమెంటు రిజిస్టరయిందేమో చూసుకుని, ఆ ఈసీని పిటిషన్‌కు జతచేయండి.