కోర్టు వార్త రాసే బిడ్డకు

బిడ్డా,

నల్లగొండ కోర్టు వార్తలు ఇకనుంచి నువ్వే చూస్తున్నవట. పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింది కేసు, చేతికొచ్చినప్పుడల్లా ఒకటి యాదిల పెట్టుకో: దాచాల్సింది పిల్లను, కోర్టు పనిని కాదు. మనోళ్లు తరచూ దీన్ని తిరగేస్తరు.

పేరు తీసేస్తే పనైపోయిందనుకోకు. పోక్సో 23వ సెక్షన్ చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, ఆనవాలు పట్టించే ఏ ముక్కనూ ఒప్పదు. హైదరాబాద్‌ల 'పద్నాలుగేళ్ల బాలిక' అంటే ఎవ్వరికీ తెల్వదు. దేవరకొండ దిక్కు నలభై గడపల తండా పేరేసి, 'గురుకులంలో తొమ్మిదో తరగతి' అని రాస్తే చాయ్ తాగేలోపే పోల్చుకుంటరు. తండా వద్దు, మండలం కూడా వద్దు. 'జిల్లాలోని ఒక గ్రామం' చాలు. నిందితుడు తండ్రో, మేనమామో అయితే వాని పేరు రాసినా పిల్ల పేరు రాసినట్టే. నువ్వు బంధుత్వం దాచినా పక్క పేపరోడు రాస్తడు, రెండూ కలిపి చదివితే పిల్ల బయటపడ్తది. గందుకే అట్లాంటి కేసుల నిందితుని పేరే వదిలెయ్యి.

'తల్లిదండ్రులే ఒప్పుకున్నరు' అని సంతకం తెచ్చుకుంటే చెల్లదు. పిల్ల మేలుకైతేనే ప్రత్యేక కోర్టు, అదీ రాతపూర్వకంగా, అనుమతిస్తది. అత్యాచార బాధితురాలు చనిపోయినా పేరు రాయొద్దని 2018లో నిపుణ్ సక్సేనా కేసుల సుప్రీంకోర్టు తేల్చింది.

తీర్పు దగ్గర ఇంకో గుంత ఉంది. ఐపీసీ జాగల వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 73వ సెక్షన్ ప్రకారం అత్యాచారం కేసు విచారణ సంగతులు కోర్టు అనుమతి లేకుండా అచ్చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మినహాయింపుంది, జిల్లా కోర్టు తీర్పుకు లేదు. అరపేజీ పిటిషన్ పెట్టు, అందుల ఏం రాయదల్చుకున్నవో చెప్పు. అనుమతి వచ్చినా పేరు, చిరునామా దాచాల్సిందే.

అట్లని, విచారణ మూసిన గదిల జరుగుతదని మొత్తానికే కలం మూయకు. కోర్టు కేసును స్వీకరించినంక 30 రోజుల్ల పిల్ల సాక్ష్యం నమోదు కావాలె, వీలైనంత వరకు ఏడాదిల విచారణ ముగియాలె అని పోక్సో 35వ సెక్షన్ చెప్తది. ఒక్క కేసు పట్టుకోకుండా, జిల్లాల ఏడాది దాటినవి ఎన్నో లెక్కదీసి రాయి. దానివల్ల ఏ పిల్లకూ హాని లేదు.

మిగతా కేసుల్ల 'రాయొద్దని ఆర్డరున్నది' అని వకీలు నోటితో అంటే అదే రోజు కాపీ అడుగు. ఎవర్ని ఆపింది, ఏది ఆపింది, ఎన్నాళ్లు, ఈ మూడూ చూడు. వార్తను కొన్నాళ్లు ఆపే ఇట్లాంటి ఉత్తర్వులు అవసరమైతేనే, తక్కువ కాలానికే ఉండాలని 2012ల సహారా కేసుల సుప్రీంకోర్టు అన్నది. హద్దు దాటిందనిపిస్తే వకీలును పెట్టుకొని సడలించమని అడగాలె. ఊకనే అచ్చేస్తే కోర్టు ధిక్కారం మెడకు చుట్టుకుంటది.

ఇంకొకటి. ఎఫ్ఐఆర్ ఫొటో విలేకర్ల వాట్సాప్ గ్రూపుల పెట్టకు. పేపర్ల నువ్వు దాచిందంతా ఆడ్నే బయటపడ్తది.

మీ పెద్దబాపు