షెడ్డులో దొరికిన ఒంటి సీటు రేసు కారు: ఎవరు కట్టారో ఎలా తెలుస్తుంది?

కర్నూలులో మీ తాతగారి షెడ్డులో ఒంటి సీటు కారు దొరికింది, మద్రాసు దగ్గరి పాత రేసు ట్రాక్ షోలవరంలో పరుగెత్తిందని ఇంట్లో చెప్పుకుంటారు, నిజమో కాదో ఎలా తేల్చాలి అని అడిగారు. ముందు దాన్ని కడగడం, రుద్దడం ఆపండి.

అనంతపురంలో మా మేనమామ దగ్గర ఇట్లాంటిదే ఉండేది. ఆత్రం కొద్దీ తోక భాగమంతా వాటర్ పేపర్‌తో రుద్దేశాను. ఎరుపు కింద పసుపు, పసుపు కింద తెల్లటి గుండ్రం, అందులో నల్ల అంకె. అది 3ఆ 8ఆ అని చూసుకునేలోగా సగం అరిగిపోయింది. రేసు ప్రోగ్రాం పుస్తకంలో బండిని పట్టిచ్చేది ఆ అంకే! నా చేతులారా పోగొట్టుకున్నా.

తర్వాత బోల్టులు చూడండి. మిల్లీమీటర్ పానా సరిగ్గా కూర్చుంటే ఫియట్ సామాను కావచ్చు. అంగుళాల పానా పడితే స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కారుది. రెండూ జారి విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత పానా పట్టుకుందంటే ఇంకా పాత ఇంగ్లీషు బండి. అప్పుడు ఆ సామాను వచ్చిన పాత కారు రిజిస్ట్రేషన్ నంబరు మద్రాసు రాష్ట్రానిది అయి ఉండొచ్చు, 1953 అక్టోబరు 1 దాకా కర్నూలు అందులోదే కదా. ఇట్లా కట్టిన రేసు బండ్లకు ఆర్‌సీ ఉండడం అరుదు. సామాను ఏ కారుదో దాని ఛాసిస్ నంబరు పట్టుకుని వెతకాలి.

మా మామ "ఇది ఇటలీ నుంచి ఓడలో తెప్పించిన రేసు ఇంజనురా" అనేవాడు. హెడ్ విప్పి కొలిస్తే స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 75 మిల్లీమీటర్లు, అంటే మన బొంబాయి ఫియట్ 1100. ఓడ కథ అక్కడితో సరి. కానీ బోర్, అంటే సిలిండర్ వెడల్పు, 68 ఉండాల్సింది 69 ఉంది. ఆ ఒక్క మిల్లీమీటర్‌తో 1089 సీసీ కాస్తా 1122 అవుతుంది. రేసుకు ముందే బోర్ కొట్టించి ఉంటే 1100 సీసీ తరగతిలో ఆ బండికి చోటుండదు. నేను రెండు రోజులు చెన్నై కన్నెమరా లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసింది ఆ తరగతి ఫలితాల కోసమే. మీరు పైతరగతి కూడా చూడండి. షోలవరం తర్వాత 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చింది కాబట్టి, అంతకు ముందు సంవత్సరాలు చాలు.

ఇన్ని చేసినా, అసలు సంగతి అనంతపురం పాతూరులో ఒక ముసలి వెల్డర్ దగ్గర దొరికింది. ఛాసిస్ పైపు అతుకు మీద వేలు పెట్టి నిమిరి, "ఇది నాదే నాయనా, గ్యాస్ వెల్డింగు. ముందు సగమే నేను చేసినా. ఎనక సగం అప్పటికే ఉండె, మద్రాసులో గోడకు కొట్టి ముందు నుజ్జయి వచ్చింది" అన్నాడు. అంటే మా మామ కట్టింది కాదు, కొన్నది! ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

మీ ఇంజను నంబరు, పైపు అతుకులు దగ్గరగా ఫొటోలు తీసి పెట్టండి. ముందు సగానికి, వెనక సగానికి విడివిడిగా తీయండి.