మా ఎనిమిదో తరగతి పత్రిక అనుభవం

ఎనిమిదో తరగతి పిల్లలతో పత్రిక పెట్టాలనుంది, ప్రింటింగుకి డబ్బుల్లేవు, ఎలా అని అడిగారు కదా. నేను తెలంగాణలో ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను, మూడేళ్లు నడిపాను. డబ్బుల గురించి టెన్షన్ పడకండి. నాలుగు ఏ4 కాగితాల మీద పిల్లలు చేత్తో రాస్తారు, వాటిని ఒక ఏ3 షీటుకి రెండు వైపులా జెరాక్స్ తీయించి మధ్యకి మడిస్తే నాలుగు పేజీల పత్రిక. నల్ల పెన్నుతోనే రాయించండి, నీలం సరిగ్గా రాదు. ఇంకోటి, ఒకవైపు 4, 1 పేజీలు, రెండోవైపు 2, 3 రావాలి. నేను మొదటిసారి 1, 2 పక్కపక్కన పెట్టి ముప్పై కాపీలు తీయించాను, మడిచి చూస్తే పత్రిక పేరు వెనక్కి పోయింది!

అసలు చిక్కు వార్తల దగ్గర. మా మొదటి సంచిక నిండా సూక్తులు, ఆదివారం అనుబంధాల్లోంచి ఎత్తిరాసిన జోకులు. ఎవరూ చదవలేదు, రాసినవాళ్లు తప్ప. రెండోసారి "ఈ వారం మన బడిలో ఏం జరిగిందో రాయండి" అన్నాను. ఒకమ్మాయి "సాంబారు నీళ్లలా ఉంటోంది" అని రాసింది, నేనూ ముచ్చటపడి వేసేశాను. మర్నాడు వంటామె గరిటె చేత్తోనే స్టాఫ్ రూముకొచ్చి "నన్ను ఒక్క మాటన్న అడిగిందా సార్ ఆ పిల్ల?" అంది. తప్పు నాదే. ఆ అమ్మాయినే నోట్‌బుక్ ఇచ్చి వంటగదికి పంపాను. మధ్యాహ్న భోజన పథకంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి తలకి 30 గ్రాముల పప్పు లెక్క. ఆ రోజు తిన్నది 112 మంది, అంటే మూడు కిలోల మూడువందల అరవై గ్రాములు పడాలి. పడింది రెండున్నర కిలోలు, ఎందుకంటే వంటామెకి ప్రభుత్వం నుంచి రావాల్సిన బిల్లు డబ్బులు రాలేదు, కిరాణంలో ఉద్దెర అంతకే ఇచ్చారు. ఇదంతా వివరంగా వేస్తే ఆ సంచిక ఊళ్లో చేతులు మారింది. హెచ్‌ఎం గారు కాస్త కంగారుపడ్డారనుకోండి, అందుకే జెరాక్స్‌కి ముందే ఆయనకి చూపించండి. అప్పట్నుంచి మాకు ఒకటే రూలు, ఎవరి గురించి రాస్తే వాళ్లని అడగనిదే వార్త పడదు.

ఇది మన కొత్త ఆలోచనేం కాదు. 1924లో ఫ్రాన్స్‌లో సెలెస్తీన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు క్లాసులోకే చిన్న అచ్చుయంత్రం తెచ్చిపెట్టి, పిల్లలు బయట తిరిగి చూసొచ్చినవి వాళ్లచేతే అచ్చు వేయించాడు. మనకి జెరాక్స్ ఉంది, ఇంకా సులువు.

పిల్లల భాషని మాత్రం మరీ దిద్దకండి. "వచ్చిండు" అని రాస్తే ఉండనివ్వండి, పేర్లు, అంకెలు తప్పు పోకుండా చూస్తే చాలు. పదిహేను రోజులకోసారి అని మొదలుపెట్టి మేం మూడో సంచికకే చేతులెత్తేశాం, మీరు నెలకొకటి పెట్టుకోండి. ఎస్‌ఏ పరీక్షలు, అంటే టర్ము చివరి పెద్ద పరీక్షలు, ఉన్న నెలలో అదీ వద్దు.