తొమ్మిదేళ్ల బాబుకు ‘ఎక్స్’ అర్థం కాకపోతే భయమెందుకు?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. తోటి పిల్లలందరూ నేర్చుకుంటున్నారని ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో చేర్పించాం. మూడు నెలలైనా ‘ఎక్స్ విలువ మారుతుంది’ అంటే తెల్లమొహం వేస్తున్నాడు. కోడింగ్ కొనసాగించాలా, మాన్పించి అబాకస్‌లో చేర్చాలా? ఇప్పుడే వెనకబడితే రేపు సాఫ్ట్‌వేర్‌లో రాణించగలడా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోడింగా, అబాకసా అని. లోపల మిమ్మల్ని తొలుస్తున్నది మాత్రం ‘మా వాడికి బుర్ర తక్కువేమో’ అన్న భయం. ఇదే భయంతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది. కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. మీరు రాసినదాంట్లో బెంగపడాల్సింది ఏమీ లేదు.

పిల్లలకు మనకన్నా తక్కువ విషయాలు తెలుసు, అంతే తేడా అనుకుంటాం. నిజానికి వాళ్లు ఆలోచించే తీరే వేరు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజె పిల్లల ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి వాళ్ల కళ్లముందే సన్నని పొడవాటి గ్లాసులోకి ఒంపేవారు. నాలుగైదేళ్ల పిల్లలు పొడవాటి గ్లాసులోనే ఎక్కువ నీళ్లున్నాయంటారు. ఏడేళ్లు దాటాక ‘అవే నీళ్లు కదా, ఎక్కువెలా అవుతాయి’ అంటారు. 7 నుంచి 11 ఏళ్ల వరకు ఉన్న కాలాన్ని ఆయన మూర్త ప్రచాలక దశ అన్నారు. కంటికి కనిపించేదాన్ని, చేత్తో పట్టుకోగలిగేదాన్ని గురించి ఈ వయసువాళ్లు చక్కగా తర్కిస్తారు. లేనిదాన్ని ఊహించుకుని తర్కించడం ఆ తర్వాత మెల్లగా వస్తుంది. ‘మూడో కన్ను ఇస్తే ఎక్కడ పెట్టుకుంటావు?’ అని మీ వాణ్ని అడిగి చూడండి. తొమ్మిదేళ్లవాళ్లు ఎక్కువగా నుదుటి మీదే అంటారు. ఇంకో రెండేళ్లు పెద్దవాళ్లలో, అరచేతిలో పెట్టుకుంటే మలుపు అవతల ఏముందో చూడొచ్చు అనేవాళ్లు కనిపిస్తారు.

ఈ వయసులు గీత గీసినట్టు ఉండవు, ఒకరికి ముందు, ఒకరికి వెనక. ముందుచూపుతో ప్లాన్ చేసుకోవడానికి, తొందరను అదుపు చేసుకోవడానికి పనికొచ్చే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అలాంటిది వాడు సాఫ్ట్‌వేర్‌కు పనికొస్తాడో లేదో తొమ్మిదేళ్లకే తేల్చేస్తారా?

చిన్నప్పుడే కోడింగ్ నేర్పితే ఆలోచనాశక్తి మొత్తం పెరుగుతుందన్న ప్రచారం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈ ఆశ కొత్తది కాదు. పియాజె దగ్గర పనిచేసిన సేమూర్ పాపర్ట్, ఆయన సహచరులు 1960లలోనే పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. 1980లలో లోగో నేర్చుకున్న పిల్లలను పరిశీలిస్తే, వేరే పనుల్లో వాళ్లు మిగతావాళ్లకన్నా బాగా ప్లాన్ చేసుకుంటున్న దాఖలా అంతగా కనిపించలేదు. కోడింగ్ నేర్చుకుంటే కోడింగ్ వస్తుంది, మిగతావన్నీ వాటంతటవే రావు. అలాగని పూర్తిగా వద్దనడం లేదు. పిల్లల కోసం చేసిన స్క్రాచ్ అనే కోడింగ్ ప్రోగ్రామ్‌లో తెర మీద రంగురంగుల దిమ్మెలు పేర్చి బొమ్మను కదిలించవచ్చు, చేసిన పని వెంటనే కంటికి కనిపిస్తుంది. ఈ వయసుకు అది నప్పుతుంది. అర్థం కాని కోడ్ వరసలు కాపీ చేయించి సర్టిఫికెట్ ఇచ్చే క్లాసులో మాత్రం పిల్లవాడు నేర్చుకునేది ‘నాకు రాదు’ అన్న మాటే.

అబాకస్‌తో కూడికలు, తీసివేతల్లో వేగం పెరుగుతుంది. అంతకుమించి ఆశించొద్దు. వాడికి సరదా ఉంటే చేర్పించండి.

ఒక మాట కటువుగానే చెబుతాను. మీ ఉత్తరంలో తోటి పిల్లలున్నారు, సాఫ్ట్‌వేర్ ఉంది. మీ వాడికి ఏం ఇష్టమో, ఏ పనిలో పడితే తిండి కూడా మరచిపోతాడో ఒక్క ముక్క లేదు. ‘తెల్లమొహం’ అనే మాట వాడి ముందు కూడా అంటున్నారా? అంటుంటే ఈరోజే మానేయండి.

ఒంటరిగా చేయలేని పనిని పెద్దవాళ్ల కాస్త సాయంతో పిల్లలు చేయగలరని రష్యాకు చెందిన మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పారు. ఒక డబ్బా మీద ‘ఎక్స్’ అని రాసి, వాడి చేత నాలుగు గోళీలు వేయించండి. ఇంకో మూడు వేయించి, ఇప్పుడు ఎక్స్‌లో ఎన్నున్నాయో అడగండి. డబ్బా పేరు అదే, లోపలి లెక్క మారిందని వాడే చెబుతాడు. వెంటనే చెప్పకపోయినా టెన్షన్ పడకండి, నాలుగు రోజులాగి మళ్లీ ఆడించండి.

బడిలో చదవడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం కూడా కష్టంగా ఉంటే టీచరుతో మాట్లాడి పిల్లల మనస్తత్వ నిపుణులను కలవండి. అలాంటిదేమీ లేకపోతే ఇప్పటి కోడింగ్ క్లాసు ఆపేయండి. పన్నెండేళ్లు దాటాక వాడే అడిగితే అప్పుడు చేర్పించవచ్చు, ఆలస్యమేమీ అయిపోదు.