టికెట్ల పుస్తకం ముందు పట్టుకో

చిత్తూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విహార పడవ మునిగిన ఘటనపై విచారణను నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి గర్వంతో పాటు గుబులూ పట్టుకుంది. పంచనామా, శవపరీక్ష నివేదికల సంగతి నీకు నేను నేర్పనక్కరలేదు.

చెప్పవలసింది నేను చేసిన తప్పు. డిప్యూటీ తాసిల్దారుగా ఉండగా ఇటువంటి విచారణకే వెళ్ళాను. చీకటి పడుతోంది, గట్టు మీద జనమంతా పడవ నడిపినవాడినే తిడుతున్నారు. ఎందరు ఎక్కారో చెప్పగల టికెట్ల పుస్తకం, రబ్బరు బ్యాండు చుట్టి, బల్ల మీదే కనబడుతోంది. పొద్దున తీసుకుందాంలే అనుకుని, గుత్తేదారు మనిషి ఇచ్చిన టీ తాగి బసకు వెళ్ళిపోయాను. తెల్లారేసరికి అక్కడ కొత్త పుస్తకం ఉంది. గదిలో లైఫ్ జాకెట్లు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దొంతరగా ఉంటే, లెక్కపెట్టానే గాని ఎందుకు విప్పలేదని అడగలేదు. ఇంతమంది వద్దంటే పని మానుకోమన్నారని ఆ రాత్రి పడవ నడిపినవాడు చెప్పిన మాటకు ఆధారం లేదని రాసి, తప్పంతా అతడి మీదే వేశాను. వేలిముద్ర వేస్తున్నప్పుడు అతడి తడి చొక్కా చేయి తగిలి కాగితం మీద సిరా అలుక్కుపోయింది. దానికీ అతడినే కసిరాను.

జనం ఒక పక్కకు జరిగారు, అందుకే ఒరిగిందని నీకూ చెబుతారు. 2009 సెప్టెంబరు 30న కేరళలో తేక్కడి అభయారణ్యం సరస్సులో జలకన్యక అనే విహార పడవ మునిగి 45 మంది పోయినప్పుడూ ఆ మాట వినిపించింది. జంతువులను చూడటానికి వచ్చినవాళ్ళు, అవి కనబడిన పక్కకు జరగరా? దాన్ని తట్టుకునేలా పడవ కట్టడం, లెక్క మించకుండా ఎక్కించడం ప్రయాణికుల పని కాదు. 2024 జనవరి 18న వడోదర హర్ణి సరస్సులో 14 మంది పట్టే పడవలో అంతకు మించి ఎక్కించారు. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కనుక అనుమతి ఎవరిచ్చారు, తనిఖీ ఎవరు చేశారు అన్నచోటికి వెళ్ళు. ఆ కాగితం మీద మన శాఖ సంతకమే ఉన్నా సరే, వదలకు.

అక్కడ ఎవరిచ్చినా టీ తాగకు. ఫ్లాస్కు వెంట తీసుకెళ్ళు. పడవను బయటికి లాగేటప్పుడు నీళ్ళ అంచున నిలబడకు. కల్యాణి డ్యామ్ చూపిద్దామని తీసుకెళితే చేయి విడిపించుకుని నీళ్ళవైపు పరుగెత్తినదానివి, నాకింకా గుండె దడగానే ఉంటుంది. పడవ నడిపినవాడు బతికే ఉన్నాడట కదా, అతడికి ముందు పొడిబట్టలిప్పించి, అన్నం పెట్టించి, ఆ తరువాతే వాంగ్మూలం తీసుకో. రాసింది చదివి వినిపించు.

మామయ్య