ముందు మీ తమ్ముణ్ని మధ్యలోంచి తప్పించండి

ఇంటర్ చదివే తమ్ముడు కొన్నాళ్లుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని, పలకరిస్తే కసురుతున్నాడని, ఇంట్లో అమ్మానాన్నలకు మాటల్లేవని రాశారు. ఇది ఇంటి ప్రభావమా, ఫోన్ ప్రభావమా అని అడిగారు. ఇంటిదే. నాకైతే ఇందులో అనుమానం లేదు. ఫోన్ వాడు తలదాచుకున్న చోటు, అంతే.

మాది పల్నాడు. నాన్న కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. 2016లో క్వింటా పది వేలు దాటిన ధర చూసి, తర్వాతి పంటకు ఇంకో మూడెకరాలు కలిపి పట్టాడు. అమ్మ వద్దంటున్నా ఆమె గొలుసు, గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టాడు. 2017 వేసవికి ధర మూడు వేలకు పడిపోయింది. గుంటూరు యార్డులో ఎటు చూసినా టిక్కీలే, అంటే మిరప బస్తాలే. క్వింటా 5,000 లెక్కన కొంటామని కేంద్రం మే నెలలో ప్రకటించేసరికే నాన్న వచ్చిన కాడికి అమ్ముకుని వచ్చేశాడు. ఎరువుల కొట్టు బాకీకే అది చాల్లేదు.

అప్పటినుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. అరుపుల్లేవు, కొట్టుకోవడాల్లేవు. చుట్టుపక్కలవాళ్ల దృష్టిలో మాది గొడవల్లేని సంసారం. నేను డిగ్రీ చదువుతూ గుంటూరు హాస్టల్లో ఉండేదాన్ని. ఇంట్లో మిగిలింది అప్పుడే ఇంటర్లో చేరిన తమ్ముడు. వాళ్లిద్దరి మాటలూ మోసే పని వాడి మీద పడింది.

దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు కళ్లారా చూశాను. నాన్న మంచం మీద, అమ్మ పొయ్యి దగ్గర. మధ్యలో గుమ్మం తప్ప ఏం లేదు, ఒకరు మాట్లాడితే ఇంకొకరికి వినపడుతుంది. అయినా అమ్మ, "మీ నాన్నకి చెప్పరా, అన్నం చల్లారిపోతోందని" అనేది. నాన్న, "మీ అమ్మకి చెప్పు, నాకు ఆకలిగా లేదని" అనేవాడు. తమ్ముడు అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చెప్పేవాడు. ఇంకా బాధ కలిగించింది ఏంటంటే, నాన్న పెరట్లోనో వీధిలోనో ఉన్నప్పుడు వాడు మాటల్ని మార్చి చేరవేసేవాడు. "సిగ్గుంటే వచ్చి తినమను" అని అమ్మ అంటే, వాడు బయటికెళ్లి "నాన్నా, అన్నం పెట్టింది అమ్మ" అనేవాడు. ఎవరి మాటలో ఎంత విషం తీసేయాలో పదహారేళ్లకే వాడికి తెలిసిపోయింది.

బ్యాంకు నోటీసు వచ్చిన రాత్రి అది బయటపడింది. అమ్మ ఏదో గట్టిగానే అంది. వీడు అలవాటు ప్రకారం మెత్తగా మార్చి చెప్పాడు. అమ్మ లోపలినుంచి వచ్చి, "నేను అన్నది అదేనా? ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాదా?" అని వాణ్నే అడిగింది. నాన్న కూడా లేచి, "ఇన్నాళ్లూ నా దగ్గర దాస్తున్నావన్నమాట" అన్నాడు. నెలల తర్వాత ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు, అదీ వాడి మీద. వాడేమీ అనలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్లిపోయాడు. తెల్లారుజామున బస్టాండులో దొరికాడు.

ఆ నెలలోనే కాలేజీలో తోటి కుర్రాణ్ని కొట్టాడు. చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. జియో వచ్చి అప్పటికి ఏడాదేగా, ఎక్కువమంది ఫోన్ లాక్కోమన్నారు. మా బాబాయి అయితే విజయవాడలో హాస్టల్లో పడేస్తే వాడే దారికొస్తాడన్నాడు. ఈ హాస్టల్ సలహా వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇల్లు చెడిపోతే పిల్లాణ్ని ఇంట్లోంచి పంపేయడమేంటి? అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు, వారానికోసారి ఇంటికి ఫోను. వాడి మనసులో ఏముందో అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఫలితాలొచ్చే రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటే టీవీల్లో మార్కుల ఒత్తిడి గురించే చర్చలు పెడతారు. ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, 31.7 శాతం కేసుల్లో కుటుంబ సమస్యలే కారణం. అన్ని కారణాల్లోనూ అదే పెద్దది. ఇవి అన్ని వయసులవాళ్ల లెక్కలు. పిల్లల విషయంలో ఇల్లే ఇంకా పెద్ద కారణమని నా నమ్మకం, ఎందుకంటే పెద్దవాళ్లలా వాళ్లు ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేరు.

మా తమ్ముణ్ని ముందు కాపాడింది రేపల్లె దగ్గర ఉండే మా పెద్దమ్మ. ఏమీ అడక్కుండా తీసుకెళ్లి కోతల దాకా తన దగ్గరే ఉంచుకుంది. అక్కడ వాడు ఎవరి మాటా ఎవరికీ మోయక్కర్లేదు. తర్వాత సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాం. ఆయన నిద్రకు మందిచ్చి, ఈసారి తల్లిదండ్రులిద్దర్నీ తీసుకురమ్మన్నారు. "పిచ్చి వాడికా, మాకా?" అని నాన్న మండిపడ్డాడు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మానసిక రోగితోపాటు ఇంటివాళ్లు కూడా ఉండే పద్ధతి 1950ల నుంచే ఉంది. బెంగుళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం విడిగా ఒక విభాగమే ఉంది. మనవాళ్లేమో ఇప్పటికీ ఎర్రగడ్డ పేరు చెప్పి వెక్కిరిస్తారు.

చివరికి ఇద్దరూ వెళ్లారు. ఇకమీదట ఆ పిల్లాడితో ఒక్క మాట కూడా పంపుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇంటికొచ్చాక నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, అంటే పోట్లాడుకోవడం. బంగారం గురించి గంటలకొద్దీ అరుచుకున్నారు. మీరు నమ్మరు, ఆ అరుపుల మధ్యే మా తమ్ముడికి మళ్లీ నిద్ర పట్టడం మొదలైంది. మౌనం కన్నా పోట్లాట నయమని నేను ఎవరితోనైనా వాదిస్తాను. కొట్టడం, తిట్టడం వేరే సంగతి, అది ఏ ఇంట్లోనూ ఉండకూడదు.

కాబట్టి ఫోన్ జోలికి పోకండి. అమ్మ తమ్ముడితో మాట పంపబోతే మీరు అడ్డుపడి "నువ్వే చెప్పమ్మా" అనండి. నాన్న పంపినా అంతే. వాడికి ఇష్టమైన చుట్టాలెవరైనా ఉంటే సెలవులకు అక్కడికి పంపండి, కానీ శిక్షలా కాదు. నిద్ర లేకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా ఆలోచిస్తూ కూర్చోవద్దు. వాణ్ని ఒంటరిగా వదలకుండా 14416కి ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలీ మానస్, మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి మీ నాన్న రానంటే ఆయన కోసం ఆగకండి. అమ్మా, మీరూ వాణ్ని తీసుకుని వెళ్లండి. మా నాన్న కూడా మొదట రానన్నవాడే.